సీసం కొలత కుదరని చోట చేతిని తప్పుపట్టకండి

ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు నల్లగొండలో కలిసినా, మహబూబ్‌నగర్‌లో కలిసినా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఏ రైఫిల్ కొనమంటారు? జర్మనీలో చేసినదా, ఆస్ట్రియాదా, మన దేశంలో తయారైనది సరిపోతుందా, వాడినది దొరికితే తీసుకోవచ్చా? చిట్టీ పాడి, బంగారం బ్యాంకులో పెట్టి లక్షలు కూడబెట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్న అది. దాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. కానీ ఆ రైఫిల్ గొట్టంలోకి వెళ్లే సీసపు పెల్లెట్ ఏ కొలతలో ఉండాలని అడిగేవాళ్లు చాలా అరుదు. రైఫిల్ కోసం నెలల తరబడి వాకబు చేసిన తండ్రి, పెల్లెట్ల దగ్గరికి వచ్చేసరికి దుకాణంలో ఆ రోజు ఏ డబ్బా ఉంటే అది తెచ్చేస్తాడు. అది అయిపోతే ఇంకో రకం. పక్క లేన్‌లోని పిల్లవాడి దగ్గర అప్పు తీసుకుంటే మరో రకం.

ఈ పద్ధతి మారాలి. గొట్టానికి సరిపడే పెల్లెట్ ఏదో తేల్చుకోకుండా పిల్లలతో వేలకు వేలు షాట్లు కొట్టించడం వాళ్ల శ్రమను పాడుచేయడమేనని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ చిన్న సీసపు ముక్క ఎలా పనిచేస్తుందో చూడాలి.

పది మీటర్ల పోటీలో వాడే పెల్లెట్‌ను 4.5 మిల్లీమీటర్లది అంటాం. రైఫిల్‌కు వాడేది సుమారు 0.53 గ్రాముల బరువుంటుంది. ముందు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి కాగితంలో అంచులు చిరగకుండా గుండ్రటి రంధ్రం పడుతుంది. నడుము సన్నం. వెనక భాగం బోలుగా, పల్చగా ఉంటుంది. దాన్నే షూటర్లు స్కర్ట్ అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే వెనక నుంచి తోసుకొచ్చే గాలి ఆ పల్చటి అంచును విప్పి గొట్టం గోడకు అదుముతుంది. అలా గాలి పక్క నుంచి జారిపోకుండా అది అడ్డుకుంటుంది. ముందు భాగం, అంటే తల, గొట్టం లోపలి మెరకల మీద ఆనుకుని నిటారుగా సాగాలి. మెరకలూ గాళ్లూ మెలితిరిగి ఉంటాయి కాబట్టి పెల్లెట్ తన చుట్టూ తాను తిరుగుతూ బయటికి వస్తుంది. సీల్ వేసే పని స్కర్ట్‌ది, నిటారుగా నిలబెట్టే పని తలది. ఈ రెండు పనులూ సరిగా జరగాలంటే కొలత కుదరాలి.

మంచి డబ్బాల మీద తల కొలత రాసి ఉంటుంది: 4.49, 4.50, 4.51 ఇలా. ఒక్కో మెట్టుకు తేడా మిల్లీమీటరులో నూరో వంతు. తల వెంట్రుక మందంలో అది చిన్న వంతే. "ఇంత చిన్న తేడాకు ఏమవుతుంది సార్?" అని నవ్వేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ముందు నేను కాగితం మీద వేసే లెక్క ఇది.

మ్యాచ్ రైఫిల్ గొట్టంలో గాళ్లు సాధారణంగా 450 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతాయి. తల కొంచెం చిన్నదైతే పెల్లెట్ గొట్టం మధ్యలో నిలవక ఒక పక్కకు ఒరుగుతుంది. దాని బరువు కేంద్రం గొట్టం నడిమి గీత నుంచి మిల్లీమీటరులో నూరో వంతు పక్కకు జరిగిందనుకుందాం. గొట్టంలో ఉన్నంతసేపూ ఆ కేంద్రం ఓ చిన్న వలయంలో తిరుగుతూ వస్తుంది. గొట్టం దాటిన క్షణాన దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు కనుక, ఆ తిరుగుడులో ఎటు వెళుతోందో అటే పక్కకు జారిపోతుంది. 450 మిల్లీమీటర్లకు ఒక చుట్టు, దూరం పది మీటర్లు, జరిగింది నూరో వంతు. గుణించి చూస్తే లక్ష్యం దగ్గర తేడా 1.4 మిల్లీమీటర్లు వస్తుంది. పెల్లెట్ ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఒరిగితే రెండు రంధ్రాల మధ్య ఎడం 2.8 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు.

1.4 మిల్లీమీటర్లంటే స్కోరులో ఎంతో కూడా చూడాలి. పది మీటర్ల రైఫిల్ లక్ష్యం మధ్యలో పది అనే చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వస్తుంది. దశాంశాల లెక్కలో మాత్రం, రంధ్రం కేంద్రం లక్ష్యం కేంద్రం నుంచి ప్రతి 0.25 మిల్లీమీటర్లు జరిగినకొద్దీ 0.1 పాయింటు తగ్గుతుంది. నడిమధ్యన పడితే 10.9. అంటే పిల్ల అన్నీ సరిగా చేసి 10.9 కొట్టాల్సిన షాటు, 1.4 మిల్లీమీటర్ల తేడాతో 10.4 అవుతుంది. చేతిలో ఏ లోపం లేకుండానే అర పాయింటు పోయింది. పోటీలో అరవై షాట్లు ఉంటాయి. ప్రతి షాటుకూ అంత పోదు, కొన్నింటికి అసలు పోదు. సగటున 0.2 పోయిందన్నా అరవై షాట్లకు పన్నెండు పాయింట్లు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అర్హత పోటీని గుర్తు చేసుకోండి. రమితా జిందాల్ 631.5తో ఐదో స్థానంలో నిలిచి ఫైనల్‌కు వెళ్లింది. ఇలవేనిల్ వాలరివన్ 630.7తో పదో స్థానంలో ఆగిపోయింది. ఫైనల్‌కు ఎనిమిది మందే. ఐదో స్థానానికీ పదో స్థానానికీ మధ్య ఉన్నది 0.8 పాయింటు, అదీ అరవై షాట్ల మొత్తం మీద. ఆ స్థాయి షూటర్లు తమ గొట్టానికి సరిపడే పెల్లెట్‌ను బ్యాచ్ నంబరుతో సహా పరీక్షించి ఎంచుకుంటారు.

ఇదేదో ఎయిర్ రైఫిల్ వాళ్లు కొత్తగా కనిపెట్టిన చాదస్తం కాదు. సీసాన్ని గొట్టంలోంచి పంపడం మొదలైనప్పటి నుంచీ మనిషిని వేధించిన సమస్య ఇది. ఈస్టిండియా కంపెనీ సిపాయిల చేతుల్లో ఉండిన బ్రౌన్ బెస్ తుపాకీ గొట్టం లోపలి వ్యాసం 0.75 అంగుళాలైతే, అందులో వేసే సీసపు గుండు 0.69 అంగుళాలే. మూతి నుంచి త్వరగా దించాలి కాబట్టి అంత వదులు. ఆ గుండు గొట్టంలో అటూ ఇటూ కొట్టుకుంటూ వచ్చి, చివరగా ఏ గోడను తాకిందో దాన్ని బట్టి దారి పట్టేది. సాయుధ పోరాట కాలంలో నల్లగొండ పల్లెల్లో వాడిన భర్మార్లదీ, అంటే మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకులదీ, అదే తీరు. దగ్గర నుంచి తప్ప వాటితో గురి కుదరకపోవడానికి కాల్చినవాళ్ల చూపు కారణం కాదు. నున్నటి గొట్టంలో వదులుగా వచ్చే గుండుకు దారి చూపేదే లేదు.

గాళ్లున్న గొట్టం వచ్చాక చిక్కు తిరగబడింది. గుండు గాళ్లను పట్టాలంటే బిగువుగా ఉండాలి, బిగువుగా ఉంటే మూతి నుంచి దిగదు. 1849లో ఫ్రాన్స్ సైనికాధికారి మినియే దీనికి ఉపాయం చూపాడు. గుండు వెనక భాగాన్ని బోలుగా చేస్తే వదులుగా దిగుతుంది, మందు పేలినప్పుడు వెనక అంచు విచ్చుకుని గాళ్లను పడుతుంది. ఇవాళ మన పిల్లల చేతిలో ఉన్న పెల్లెట్ స్కర్ట్ చేసే పని కూడా ఇదే. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో వాడింది ఆ కోవకు చెందిన గుండే. 1857 అనగానే ఆ తూటాలకు పూసిన కొవ్వు ఎవరికైనా గుర్తొస్తుంది. ఆ కొవ్వుకు కొలతతోనూ సంబంధం ఉంది. మన ఎండలకు పూత కరిగి జారిపోతే గుండు గొట్టంలో దిగడం కష్టమైంది, తర్వాత గుండు వ్యాసాన్ని 0.568 నుంచి 0.55 అంగుళాలకు తగ్గించారు. ఒక సామ్రాజ్యపు సైన్యం అంగుళంలో నూరో వంతుల దగ్గర తల పట్టుకున్నదంటే కొలత ఎంత మొండిదో చూడండి.

అమెరికాలో ఇప్పటికీ సీసం కరిగించి తమ రైఫిళ్లకు తామే గుండ్లు పోసుకునే వాళ్లు ఉన్నారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, ఆ పని జోలికి ఎవరూ వెళ్లకూడదు. అయితే వాళ్లు కొలత విషయంలో పాటించే క్రమశిక్షణను మాత్రం ప్రతి ఎయిర్ రైఫిల్ షూటరూ తెలుసుకోవాలి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుంటుందో మిశ్రమాన్ని బట్టి ఉంటుంది. ఆంటిమొనీ కలిపిన సీసం తక్కువగా కుంచించుకుంటుంది కాబట్టి అదే అచ్చులో శుద్ధ సీసం కన్నా కాస్త పెద్ద గుండు వస్తుంది. అచ్చు మీద రాసిన కొలతను వాళ్లు నమ్మకపోవడానికి కారణం ఇదే. మెత్తటి సీసపు ముక్క ఒకటి గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు తోసి, దాని మీద పడిన గాళ్ల ముద్రలను మైక్రోమీటరుతో కొలుస్తారు. గొట్టం నిజమైన కొలత అప్పుడు తెలుస్తుంది. ముప్ఫై క్యాలిబర్ రైఫిల్‌లో గాళ్ల అడుగున వ్యాసం 0.308 అంగుళాలు వచ్చిందంటే, గుండును దానికి ఒకటి రెండు వేయో వంతులు ఎక్కువగా, 0.309 లేదా 0.310కి వచ్చేలా సైజింగ్ డైలోంచి, అంటే గుండును నొక్కి కొలతకు తెచ్చే ఉక్కు రంధ్రంలోంచి, దాటిస్తారు. గుండు చిన్నదైతే వేడి వాయువు పక్క నుంచి దూసుకుపోయి దాని అంచును తినేస్తుంది, గొట్టం లోపల సీసం పూతలా అంటుకుంటుంది, ఆపైన గురి నిలవదు.

మా వైపు ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే కమ్మరి కూడా ముందు చక్రాన్ని కొలిచేవాడు. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువగా చేసి, ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోసేవాడు. ఎంత తక్కువ అన్నది ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు, ఆ చక్రాన్ని బట్టే. సంతలో దొరికిన పట్టాను తెచ్చి ఏ చక్రానికైనా బిగించిన కమ్మరిని ఎవరూ చూడలేదు.

పెల్లెట్లను అచ్చులో పోయరు, సీసపు తీగను ముక్కలు చేసి డైలో నొక్కి తయారుచేస్తారు. నొక్కే డై అరిగినకొద్దీ కొలత మారుతుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే 4.50 ఉన్న రెండు డబ్బాలు వేర్వేరు బ్యాచ్‌లవైతే ఒకే గొట్టంలో వేర్వేరుగా పనిచేయడం ఈ కారణంగానే. గొట్టాలదీ ఇదే కథ. ఒకే మోడల్ రైఫిళ్లు రెండు తీసుకున్నా లోపలి కొలతలు అచ్చంగా ఒకటి కావు. పైగా మ్యాచ్ గొట్టాల్లో చాలావాటికి మూతి దగ్గర కాస్త సన్నం చేసి ఉంటుంది, పెల్లెట్ చివరి క్షణంలో కుదురుకోవడానికి. ఫలానా పెల్లెట్ అన్నిటికన్నా మంచిదని చెప్పే సలహాలను అందుకే నేను పట్టించుకోను. మంచిది అంటే ఏ గొట్టానికి?

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తాను. నేను గౌరవించే శిక్షకులే ఇలా అంటారు: "మొదట నిలబడటం రావాలి, ఊపిరి కుదరాలి, ట్రిగ్గర్ కుదరాలి. ఎనిమిదులూ ఏడులూ కొట్టే పిల్లకు నూరో వంతు మిల్లీమీటర్ల సంగతి ఎందుకు?" ఈ మాటలో నిజం ఉంది. మొదటి కొన్ని నెలలు చేతి వణుకు ముందు పెల్లెట్ తేడా లెక్కలోకి రాదు. స్కోరు ఒక్కటే చూస్తే వాళ్లు చెప్పింది సరే.

కానీ కాగితం మీద రంధ్రం స్కోరు కోసమే కాదు, పిల్లకు జవాబు చెప్పడానికి కూడా. షూటింగ్‌లో మేం మొదటి నుంచీ నేర్పే అలవాటు ఒకటుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణాన సైట్, అంటే గురి చూసే అమరిక, ఎక్కడుందో మనసులో పట్టుకుని, లక్ష్యం వైపు చూడకముందే షాటు ఎటు పడిందో చెప్పాలి. "కుడి పక్కకు, తొమ్మిది" అని పిల్ల అంటుంది. చూస్తే కుడి పక్కన తొమ్మిదే. ఆ రెండూ కలిసినప్పుడు ఆమె తన కంటిని నమ్ముతుంది, కుడికి ఎందుకు పోయిందో వెతుక్కుంటుంది, మరుసటి షాటులో దిద్దుకుంటుంది. నేర్చుకోవడమంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

కొలత కుదరని పెల్లెట్ ఆ నమ్మకాన్ని తినేస్తుంది. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి విషయంలో దీన్ని దగ్గరగా చూశాను. ఎనిమిదో తరగతి, మాటలు తక్కువ, నిలబడితే రాయిలా నిలబడేది. చెప్పింది ఒకటి, పడింది ఒకటి. "సార్, నేను మధ్యలోనే వదిలాను, ఎడమకు ఎందుకు పోయింది?" అని అడిగేది. మరో షాటు పైకి. మరోటి సరిగ్గా మధ్యలో. శిక్షకుడు ట్రిగ్గర్ లాగుతున్నావన్నాడు, వేలు మార్చింది. భుజం బిగిస్తున్నావన్నాడు, భుజం మార్చింది. తండ్రి ఇంట్లో చదువు ఒత్తిడేమోనని బాధపడ్డాడు. కొన్ని వారాల్లో ఆమె షాటు ఎటు పడిందో చెప్పడమే మానేసింది. అడిగితే "తెలియదు సార్" అనేది. అంతకన్నా నన్ను బాధపెట్టిన జవాబు లేదు, ఎందుకంటే ఆమెకు తెలుసు. ఆమె కన్ను నిజమే చెప్పింది, కాగితం అబద్ధం చెప్పింది, మేమంతా కాగితాన్ని నమ్మాం.

ఆ రైఫిల్‌ను వైస్‌లో, అంటే రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచే ఇనుప బిగింపులో, బిగించి, ఆమె వాడుతున్న డబ్బాతోనే కాలిస్తే మనిషి చెయ్యి తగలకుండానే గ్రూపు, అంటే ఒకే గురికి పడిన రంధ్రాల గుంపు, విచ్చుకుపోయింది. తల కొలత ఒక మెట్టు పెద్దదైన పెల్లెట్‌తో అదే రైఫిల్ ఒకే రంధ్రాన్ని మళ్లీ మళ్లీ కొట్టింది. రైఫిల్ మార్చలేదు, వేలూ భుజమూ మొదట ఉన్నట్టే ఉంచమన్నాం. ఆమె మళ్లీ షాటు చెప్పడం మొదలుపెట్టడానికి మాత్రం చాలా కాలం పట్టింది. పోయిన స్కోరు తిరిగి తెచ్చుకోవడం సులువు. తన కంటి మీద పోయిన నమ్మకాన్ని పిల్ల తిరిగి తెచ్చుకోవడం అంత సులువు కాదు. కాబట్టి, కొత్తగా నేర్చుకునే వాళ్లకు పెల్లెట్ ముఖ్యం కాదనే మాటకు నా జవాబు: అందరికన్నా వాళ్లకే ముఖ్యం. పేరున్న షూటర్‌కు షాటు తప్పుగా పడితే అది పెల్లెట్ అని గుర్తుపట్టగలడు. పదమూడేళ్ల పిల్ల ప్రతి తప్పునూ తనదే అనుకుంటుంది.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. దీనికి హైదరాబాద్ వెళ్లాల్సిన పని లేదు. గచ్చిబౌలి రేంజ్‌లో సదుపాయాలు బాగుంటాయి, కానీ మన రెండు ఊళ్ల నుంచీ అది దాదాపు వంద కిలోమీటర్లు. పది మీటర్ల మూసిన గది, గట్టి బల్ల, వెనక పెల్లెట్లను ఆపే సరైన పెట్టె, అటువైపు ఎవరూ రాకుండా చూసే పెద్ద మనిషి ఒకరు ఉంటే చాలు. గొట్టాన్ని పట్టి ఉంచే వైస్ ఉంటే మేలు. దవడలకు తోలు గానీ మందపాటి రబ్బరు గానీ పెట్టాలి. వైస్ లేకపోతే ఇసుక సంచుల మీద రైఫిల్‌ను ఆనించి, చెయ్యి స్థిరంగా ఉన్నవాళ్లు కాల్చవచ్చు. గ్రూపు కాస్త పెద్దగా వస్తుంది, కానీ రకాల మధ్య తేడా కనిపిస్తుంది.

ముందు గొట్టాన్ని ఫెల్ట్ ముక్కలతో శుభ్రం చేయాలి. తర్వాత ఒక రకం పెల్లెట్లు కొన్ని ఊరికే కాల్చేయాలి, గొట్టం లోపల కొత్త సీసపు పొర కుదురుకోవడానికి. ఈ మెట్టును దాటేసి తొలి షాట్లనే లెక్కలోకి తీసుకునేవాళ్లు ఎక్కువ, అక్కడే పరీక్ష చెడుతుంది. ఆ తర్వాత ఒకే బిందువు మీద పది షాట్లు. మూడు షాట్ల గ్రూపును ఎప్పుడూ నమ్మకండి. మూడు ఒకచోట పడటం అదృష్టవశాత్తూ కూడా జరుగుతుంది. రంధ్రాల గుంపు వెలుపలి అంచు నుంచి అంచు దాకా కొలిచి, అందులోంచి 4.5 తీసేస్తే కేంద్రాల మధ్య ఎడం వస్తుంది. ఒక రకానికి కనీసం మూడు నాలుగు గ్రూపులైనా కొట్టాలి, మధ్యలో రకాలు మార్చి మళ్లీ మొదటిదానికి రావాలి. వెలుపలి కొలత ఐదున్నర మిల్లీమీటర్ల లోపు నిలకడగా వస్తుంటే ఇక వెతకడం ఆపవచ్చు. ఏడెనిమిది వస్తుంటే ఆ డబ్బాను మ్యాచ్‌కూ శిక్షణకూ రెండింటికీ పక్కన పెట్టండి.

ఒక హెచ్చరిక. అమెరికా వాళ్లు చేసినట్టు గొట్టంలో ఇనుప కడ్డీతో సీసాన్ని తోసి కొలవాలని చూడకండి. మూతి అంచు మీద కంటికి కనిపించనంత గీత పడినా ఆ గొట్టం పాడైనట్టే. మనకు కాగితమే మైక్రోమీటర్.

స్కర్ట్ నొక్కుకుపోయిన పెల్లెట్లను మాత్రం పరీక్ష లేకుండానే పారేయవచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాంక్లిన్ మాన్ అనే అమెరికన్ వైద్యుడు గుండ్లను కావాలని పాడుచేసి కాల్చి చూశాడు. ముక్కు చెడగొట్టినప్పటి కన్నా వెనక అంచు చెడగొట్టినప్పుడు గుండు చాలా ఎక్కువగా దారి తప్పింది. గొట్టం మూతి దాటేటప్పుడు చివరగా విడిపోయేది ఆ అంచే, అది వంకరగా ఉంటే గాలి ఒక పక్క నుంచి ముందు తప్పించుకుని గుండును తోసేస్తుంది. బస్సులో బ్యాగు అడుగున పడి కుదుపులు తిన్న డబ్బాలో ఇలాంటివి చాలా ఉంటాయి. కింద పడిన పెల్లెట్‌ను తుడిచి మళ్లీ పెట్టే పిల్లలను నేను ఆపుతూనే ఉంటాను.

ఎండల గురించి కూడా అడుగుతుంటారు. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటుతుంది కదా, సీసం ఉబ్బి కొలత మారదా అని. లెక్క చూద్దాం. 20 డిగ్రీల గదిలోంచి 44 డిగ్రీల గదిలోకి తీసుకొస్తే 4.5 మిల్లీమీటర్ల సీసం పెరిగేది మిల్లీమీటరులో వెయ్యికి మూడు వంతులు. గొట్టం ఉక్కు కూడా కొంత పెరుగుతుంది కాబట్టి మిగిలే తేడా వెయ్యికి రెండు వంతులే. డబ్బా మీది ఒక మెట్టు వెయ్యికి పది వంతులు. వేసవి గ్రూపులు పాడయితే చెమట పట్టిన అరచేతినీ, బిగుసుకున్న జాకెట్‌నూ, అలసటనూ చూడండి. సీసం జోలికి పోకండి. వర్షాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బా మాత్రం నిజంగానే చెడుతుంది. తేమకు సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అది కొలతకూ చేటు, ఒంటికి ఇంకా చేటు.

ఒంటి మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. సీసం విషం. పిల్లల మెదడుకు మరీ విషం. కొలత చూడటానికి పెల్లెట్లను ఒక్కొక్కటిగా వేళ్లతో తిప్పమని నేనే చెబుతున్నాను, కాబట్టి ఆ వేళ్లను సబ్బుతో కడగమని చెప్పే బాధ్యత కూడా నాదే. పెల్లెట్‌ను పళ్ల మధ్య పట్టుకోవడం, లేన్ మీదే సమోసా తినడం, రేంజ్ నేలను పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపడం, ఈ మూడూ చాలా చోట్ల చూశాను. మూడూ ఆగిపోవాలి. నేలను తడి గుడ్డతో తుడవండి.

ఇక డబ్బు. రైఫిల్ మీద లక్షలు పెట్టగలిగేవాళ్లకు నాలుగైదు రకాల డబ్బాలు పరీక్షకు తెప్పించడం భారం కాదు. భారమయ్యేది క్లబ్ రైఫిల్‌తో నేర్చుకునే పిల్లలకే, నా పట్టుదలంతా వాళ్ల కోసమే. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చాక హైదరాబాద్‌లోనే కాక జిల్లాల్లోనూ పిల్లలు ఈ ఆటకు వస్తున్నారు. వాళ్లలో ఎక్కువ మందికి సొంత రైఫిల్ ఉండదు. ఒకే రైఫిల్‌ను రోజుకు నలుగురైదుగురు వాడతారు, ఎవరి డబ్బా వారిది. ఆ రైఫిల్‌కు ఏది సరిపడుతుందో ఎవరికీ తెలియదు.

క్లబ్‌లు చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. ప్రతి రైఫిల్‌కూ ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ పెల్లెట్, ఏ తల కొలత, ఏ బ్యాచ్ నంబరు, గ్రూపు ఎంత వచ్చిందో తేదీతో రాసి, ఆ కాగితాన్ని పుస్తకంలోనే అంటించండి. కుదిరిన బ్యాచ్‌లో దొరికినన్ని డబ్బాలు అందరూ కలిసి ఒకేసారి కొనుక్కోండి. ఆ బ్యాచ్ అయిపోయేలోగా కొత్త బ్యాచ్‌ను పరీక్షించండి, అయిపోయాక కాదు. చవక రకం బాగా కుదిరితే దాన్నే వాడండి. ఖరీదైనదే కుదరాలన్న నియమం గొట్టానికి లేదు, చాలాసార్లు మధ్యరకం డబ్బాయే గెలవడం చూశాను.

వేసవి సెలవులయ్యాక జూన్‌లో కొత్త పిల్లలు చేరతారు. వాళ్లు రాకముందే క్లబ్‌లో ఉన్న రైఫిళ్లన్నిటికీ ఈ పరీక్ష చేసి పెట్టాలని మా నల్లగొండ మిత్రులను ఒప్పించాను. మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు శిక్షకులు ఎవరైనా చేయాలనుకుంటే తోలు అమర్చిన వైస్ మా దగ్గర ఉంది, తెచ్చి బిగిస్తాం. మీరు రైఫిళ్లతో పాటు మీ పిల్లలు ఇప్పుడు వాడుతున్న డబ్బాలను, సగం ఖాళీ అయినవైనా సరే, తీసుకుని రండి. ముందు వాటినే కాల్చి చూద్దాం.